డాక్టర్ మీ మాట వినట్లేదా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆస్పత్రుల్లో బెడ్ మీద ఉండగానే ఏం చేయొచ్చు?

ఉదయం రౌండ్స్‌కు డాక్టర్ వస్తారు. కేసు షీట్ తిప్పి చూస్తారు. ‘‘రాత్రంతా ఆయాసపడ్డది సార్’’ అని అమ్మ పక్కనున్న మీ చెల్లెలు చెబుతుంది. ‘‘ఏం కాదు, తగ్గుతది’’ అంటూ ఆయన పక్క బెడ్‌కు వెళ్లిపోతారు. మీరేమో హైదరాబాద్‌లో ఆఫీసులో ఫోన్ పట్టుకుని ఉంటారు. సాయంత్రానికి ఆయాసం ఇంకా పెరిగిందని ఫోన్ వస్తుంది. గట్టిగా అడిగితే డాక్టర్‌కు కోపమొచ్చి అసలే పట్టించుకోరేమో అన్నది ఒక భయం. అడగకుండా ఊరుకుంటే ఏమైనా జరుగుతుందేమో అన్నది ఇంకో భయం.

ఫిర్యాదు ఎవరికి చేయాలో చెప్పే సమాచారం ఇంటర్నెట్‌లో చాలానే దొరుకుతుంది. కానీ అందులో ఎక్కువ భాగం డిశ్చార్జి అయ్యాక పనికొచ్చేదే. పేషెంట్ ఇంకా బెడ్ మీదే ఉన్నప్పుడు, అదే డాక్టర్ చేతిలోనే వైద్యం నడుస్తున్నప్పుడు చేయాల్సింది వేరు. ఈ కథనం ముఖ్యంగా ఆ గంటల గురించి. కొత్త మెడికల్ కాలేజీలు వచ్చాక అజమాయిషీ మారిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ఆస్పత్రులను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం.

ఇక్కడ సమస్యలు రెండు

‘‘డాక్టర్ సరిగ్గా మాట్లాడట్లేదు’’ అని ఫోన్ వచ్చినప్పుడు ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఆయన విసుక్కుంటున్నారా, లేక పేషెంట్‌లో వచ్చిన మార్పును పట్టించుకోవట్లేదా? మొదటిది మర్యాదకు సంబంధించిన సమస్య. బాధ కలిగించేదే, ఫిర్యాదు చేయదగ్గదే. కానీ దానికి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. రెండోది ఆ రోజే, ఒక్కోసారి ఆ గంటలోనే తేలాల్సిన విషయం.

ఈ రెండింటినీ కలిపేస్తేనే చాలాసార్లు పని చెడుతుంది. ‘‘మీరు మమ్మల్ని మనుషుల్లా చూస్తలేరు’’ అని గొడవ మొదలుపెడితే వాదన అంతా మాట తీరు మీదకు వెళ్లిపోతుంది. అమ్మ ఆయాసం సంగతి అందరూ మర్చిపోతారు. అందుకే వార్డులో ఉన్నంతసేపూ మాట పేషెంట్ మీదే ఉండాలి. డాక్టర్ ప్రవర్తన గురించి రాసిపెట్టుకోండి. తేదీ, సమయం, ఎవరున్నారు, ఏమన్నారు అన్నది ఫోన్‌లో టైప్ చేసుకుంటే చాలు, తర్వాత పనికొస్తుంది.

డాక్టర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. వార్డు నిండా పేషెంట్లు, బయట ఓపీ క్యూ, మధ్యలో ఎమర్జెన్సీ కేసు. ‘ఏం కాదు’ అన్న మాట వెనక నిర్లక్ష్యం ఉండొచ్చు, అలసట ఉండొచ్చు, లేదా నిజంగానే పరీక్షించి ప్రమాదం లేదని తేల్చుకుని కూడా ఉండొచ్చు. మూడింటిలో ఏదో తెలియాలంటే అడగాల్సిందే. అడగడం తప్పు కాదు.

మీ ఆస్పత్రి ఇప్పుడు ఎవరి కింద ఉంది?

ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. మహబూబాబాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో తరగతులు 2022 నవంబర్‌లో మొదలయ్యాయి. జనగామ, భూపాలపల్లి కాలేజీలు 2023 సెప్టెంబర్‌లో ప్రారంభమయ్యాయి. కాలేజీ రావడంతో అప్పటిదాకా జిల్లా ఆస్పత్రిగా ఉన్నది బోధనాస్పత్రి అయ్యింది. బోర్డు మీద పేరు మారితే పేషెంట్‌కు ఏంటి అనిపించొచ్చు. మారింది పేరొక్కటే కాదు, పై అధికారి కూడా మారారు.

ఇంతకుముందు జిల్లా ఆస్పత్రులు వైద్య విధాన పరిషత్ కింద ఉండేవి. ఇప్పుడు ఈ మూడు పట్టణాల్లోని ప్రభుత్వ జనరల్ ఆస్పత్రులు వైద్య విద్యా సంచాలకులు, అంటే డీఎంఈ పరిధిలోకి వచ్చాయి. ఆస్పత్రిలో పెద్ద సూపరింటెండెంట్. స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, తొర్రూరు, మహదేవ్‌పూర్ లాంటి చోట్ల ఉన్న కమ్యూనిటీ హెల్త్ సెంటర్ల దారి వేరు. అవి వైద్య విధాన పరిషత్ వ్యవస్థలోనివి, వాటికి జిల్లా స్థాయిలో డీసీహెచ్‌ఎస్ అనే సమన్వయ అధికారి ఉంటారు. ఊళ్లలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మాత్రం డీఎంహెచ్‌ఓ కింద పనిచేస్తాయి. చాలామంది పెద్దాస్పత్రి డాక్టర్ మీద ఫిర్యాదు పట్టుకుని నేరుగా డీఎంహెచ్‌ఓ ఆఫీసుకు వెళ్తారు. ‘‘అది మా పరిధి కాదు’’ అన్న జవాబుతో తిరిగొస్తారు. భూపాలపల్లిలో సింగరేణి ఏరియా ఆస్పత్రి సంగతి ఇంకా వేరు. అది కంపెనీది, అక్కడి సమస్యను కంపెనీ వైద్య విభాగానికే చెప్పాలి.

బోధనాస్పత్రి కావడంతో వార్డులో మనుషులు కూడా మారారు. ఒకే పేషెంట్‌ను ఉదయం అసిస్టెంట్ ప్రొఫెసర్, మధ్యాహ్నం సీనియర్ రెసిడెంట్, రాత్రి డ్యూటీ డాక్టర్ చూడొచ్చు. జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలల కోసం వేరే కాలేజీ నుంచి వచ్చిన పీజీ డాక్టర్లూ ఉండొచ్చు. ‘‘నిన్నొచ్చిన సారు ఇంకోటి చెప్పిండు’’ అన్న మాట అందుకే తరచుగా వినిపిస్తుంది. అడ్మిట్ అయిన రోజే సిస్టర్‌ను అడిగి మూడు విషయాలు రాసుకోండి. పేషెంట్ ఏ యూనిట్ కింద ఉన్నారు, ఆ యూనిట్‌కు పెద్ద డాక్టర్ ఎవరు, రాత్రి డ్యూటీ డాక్టర్ ఎక్కడ కూర్చుంటారు? రాత్రి రెండింటికి ఇవన్నీ వెతుక్కోవడం కష్టం.

రౌండ్స్‌లో ఆ రెండు నిమిషాలు

రౌండ్స్‌లో ఒక్కో బెడ్ దగ్గర డాక్టర్ ఆగేది కొద్ది నిమిషాలే. ఆ సమయంలో నలుగురు బంధువులు ఒకేసారి మాట్లాడితే ఆయన ఎవరి మాటా వినరు. ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి, వాళ్లే రోజూ అక్కడుండాలి. హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్న అన్నయ్య వీడియో కాల్‌లో డాక్టర్‌ను నిలదీయడం కంటే, పక్కనున్న చెల్లెలికి ముందురోజు రాత్రే ఏం అడగాలో చెప్పడం మేలు. ఫోన్ ముఖం ముందు పెడితే చాలామంది డాక్టర్లు మాట్లాడటమే ఆపేస్తారు.

‘‘అస్సలు మంచిగ లేదు సార్’’ అంటే డాక్టర్‌కు అందే సమాచారం ఏమీ లేదు. ‘‘నిన్న రాత్రి పదింటి నుంచి ఆయాసం సార్. పడుకుంటే ఊపిరాడట్లేదు, కూర్చునే ఉంది. పొద్దటి నుంచి ఒక్కసారే మూత్రం పోసింది. మొన్న ఇట్ల లేదు’’ అని చెప్పి చూడండి. ఎప్పటి నుంచి, ఏం మారింది, ఎంత మారింది అన్న మూడూ ఇందులో ఉన్నాయి. దీన్ని కొట్టిపారేయడం ఏ డాక్టర్‌కైనా కష్టం. ఎందుకంటే తర్వాత ఏమైనా జరిగితే తనకు ముందే చెప్పారన్న సంగతి ఆయనకూ తెలుసు.

తర్వాత ఒక ప్రశ్న. ‘ఎందుకిలా’ అంటే విసుక్కోవచ్చు, ‘ఏం కాదా’ అంటే కాదనొచ్చు. ‘‘ఇది ఏమయ్యుంటుంది సార్? ఏం కనిపిస్తే మిమ్మల్ని వెంటనే పిలవాలి?’’ అని అడగండి. ఈ రెండో సగం చాలా ముఖ్యం. దానికి జవాబొస్తే రాత్రి డ్యూటీ డాక్టర్‌ను లేపడానికి మీ దగ్గర ఆధారం ఉన్నట్టే. ‘‘పొద్దుగాల సార్ చెప్పిండు, ఇట్లయితే పిలవమని’’ అంటే కాదనేవాళ్లు తక్కువ.

జవాబు రాకపోయినా ఇంకో మాట ఉంది. ‘‘సార్, మేం ఈ సంగతి చెప్పినట్టు కేసు షీట్‌లో రాయండి.’’ మర్యాదగా, గొంతు పెంచకుండా అనాలి. కేసు షీట్‌లో రాసిన లక్షణాన్ని తర్వాత వచ్చే డాక్టర్ చదువుతారు. రాయాలంటే ఒకసారి పేషెంట్‌ను మళ్లీ చూడాలి కదా. చాలాసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

ఆగకూడని లక్షణాలు

కొన్ని మార్పులకు మరుసటి రోజు రౌండ్స్ దాకా ఆగకూడదు. ఊపిరి వేగంగా తీసుకోవడం (పెద్దవాళ్లు మామూలుగా కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు, గడియారం పెట్టి లెక్కపెట్టొచ్చు), ఛాతీనొప్పి, మూత్రం బాగా తగ్గడం, పిలిస్తే సరిగ్గా పలకకపోవడం, పొంతన లేని మాటలు, చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పట్టడం, ఫిట్స్, పసిపిల్లలైతే పాలు తాగడం మానేయడం. ఆపరేషన్ అయిన పేషెంట్‌కు జ్వరంతో పాటు ఇవి కనిపిస్తే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఉండొచ్చు. అప్పుడు ప్రతి గంటా విలువైనదే.

ఇలాంటప్పుడు ముందు సిస్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీ, పల్స్, ఆక్సిజన్ ఒకసారి చూడమనండి. ఈ కొలతలు తీయడానికి డాక్టర్ అనుమతి అక్కర్లేదు. అంకె తేడాగా వస్తే సిస్టరే డ్యూటీ డాక్టర్‌ను పిలుస్తారు. వార్డులో మీకు అన్నిటికంటే దగ్గరి మనిషి ఆమే అని చాలామంది గుర్తించరు. డాక్టర్ మీద కోపం సిస్టర్ మీద చూపిస్తారు, ఉన్న ఒక్క దారీ మూసుకుంటారు.

డ్యూటీ డాక్టర్ రాకపోతే, లేదా వచ్చి చూడకుండానే వెళ్లిపోతే తర్వాతి మెట్టు ఆర్ఎంఓ. ఆస్పత్రి రోజువారీ నిర్వహణ చూసే డాక్టర్ ఆయన. ఆపైన సూపరింటెండెంట్. రాత్రిపూట ఆయన ఉండకపోవచ్చు, క్యాజువాలిటీలో ఎప్పుడూ ఒక డాక్టర్ ఉంటారు. అక్కడికి వెళ్లి ‘‘మెడికల్ వార్డు, ఫలానా బెడ్, పేషెంట్ పలకట్లేదు, అర్ధగంట నుంచి డాక్టర్ రాలేదు’’ అని చెప్పండి. డాక్టర్‌ను తిట్టే మాట ఒక్కటీ అక్కర్లేదు.

ఈ మెట్ల వ్యవస్థను కొన్ని దేశాలు రాతపూర్వకంగానే పెట్టుకున్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో ర్యాన్ సాండర్స్ అనే పసివాడు 2007లో చనిపోయాడు. పరిస్థితి విషమిస్తోందని తల్లిదండ్రులు చెప్పినా ఆస్పత్రి సకాలంలో స్పందించలేదు. 2013లో అక్కడ ‘ర్యాన్స్ రూల్’ వచ్చింది. ముందు నర్సుకు, తర్వాత నర్సుల ఇన్‌చార్జికి చెప్పాలి. అప్పటికీ వినకపోతే కుటుంబమే ఒక నంబర్‌కు ఫోన్ చేసి వేరే డాక్టర్‌తో మళ్లీ చూపించమని కోరవచ్చు. లండన్‌లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ల అమ్మాయి సైకిల్ మీద నుంచి పడి, క్లోమానికి గాయమై, ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి 2021 ఆగస్టులో మరణించింది. ముందే ఐసీయూకు మార్చి ఉంటే బతికే అవకాశం ఎక్కువగా ఉండేదని విచారణలో తేలింది. తల్లి చెప్పిన అనుమానాన్ని డాక్టర్లు తేలిగ్గా తీసుకున్నారు. ఆమె పోరాటంతో 2024లో ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో ‘మార్తాస్ రూల్’ మొదలైంది. మన ఆస్పత్రుల గోడల మీద అలాంటి నంబర్ లేదు. కానీ సిస్టర్, డ్యూటీ డాక్టర్, ఆర్ఎంఓ, సూపరింటెండెంట్ అన్న నాలుగు మెట్లు ఉన్నాయి. నంబర్ లేదు కాబట్టి మీరు నడిచి వెళ్లాలి, అంతే.

కాన్పు వార్డులో

తిట్లు, చిరాకు మాటలు ఎక్కువగా వినిపించేది కాన్పు గదిలోనేనని ప్రసవమైన చాలామంది ఆడవాళ్లు చెబుతారు. నొప్పులతో అరిస్తే ఎగతాళి చేయడం, ‘‘ఆ రోజు తెల్వదా’’ లాంటి మాటలు అనడం అక్కడ మామూలైపోయింది. ఇది మామూలు కాకూడదని ప్రభుత్వమే రాసి పెట్టింది. కాన్పు గదుల నాణ్యత కోసం కేంద్రం 2017 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమంలో గర్భిణిని గౌరవంగా చూడటం ఒక ప్రమాణం. 2019 అక్టోబర్‌లో వచ్చిన ‘సుమన్’ పథకం ప్రకారం ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చిన గర్భిణికి, బాలింతకు సేవలు నిరాకరించడాన్ని అసలు సహించకూడదు. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. జనగామలో చంపక్‌హిల్స్ మాతా శిశు ఆస్పత్రి అయినా, మహబూబాబాద్ అయినా, భూపాలపల్లి అయినా అత్తనో అమ్మనో అక్కనో లోపలికి పంపమని అడగొచ్చు. తోడుగా మనిషి ఉన్న చోట మాట తీరు మారుతుంది.

ఇక ఆపరేషన్ సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే 81.5 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5 శాతం. ఇన్ని ఆపరేషన్లు జరిగే చోట ‘‘ఎందుకు ఆపరేషన్?’’ అని అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది. బిడ్డ గుండె వేగం పడిపోయిందా, నొప్పులు ముందుకు సాగట్లేదా, బీపీ పెరిగిందా? కారణం ఒక్క ముక్కలో చెప్పగలిగేదే. రివర్స్ కూడా జరుగుతుంది. ఆపరేషన్ అవసరమైనా ‘‘ఇంకా టైముంది’’ అంటూ గంటలు గడిపేస్తే, బిడ్డ గుండె చప్పుడు ఎప్పుడు చూశారో, ఎంత ఉందో అడగండి. కాన్పు తర్వాత ప్యాడ్ గంటలోపే తడిసిపోతుంటే, బాలింతకు కళ్లు తిరుగుతుంటే ‘ఏం కాదు’ అన్న మాటను అక్కడే ఆపాలి. సిస్టర్‌ను వెంటనే రప్పించండి.

సంతకం పెట్టే ముందు

‘‘ఇక్కడ సంతకం పెట్టు’’ అని కాగితం చేతికిస్తే చదవకుండా పెట్టేవాళ్లే ఎక్కువ. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరి 16న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఏ చికిత్స, ఎందుకు, దాని వల్ల మేలు ఎంత, ప్రమాదం ఎంత, వేరే మార్గం ఉందా, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి పేషెంట్‌కు చెప్పాకే సమ్మతి తీసుకోవాలి. పరీక్ష కోసం ఇచ్చిన సమ్మతితో ఆపరేషన్ చేసేయకూడదు. ప్రాణాపాయం ఉన్న అత్యవసర పరిస్థితి మాత్రం దీనికి మినహాయింపు.

చెప్పడం అంటే అర్థమయ్యేలా చెప్పడం. మహబూబాబాద్ తండాల నుంచి వచ్చే లంబాడా పెద్దవాళ్లకు, గంగారం, కొత్తగూడ మండలాల కోయ కుటుంబాలకు డాక్టర్ మాట్లాడే ఇంగ్లిషు కలిసిన తెలుగు సగం అందదు. అర్థం కాక మౌనంగా ఉంటే ‘సరే’ అన్నట్టే లెక్క కడతారు. మీ ఇంట్లో చదువుకున్నవాళ్లు ఎవరూ పక్కన లేకపోతే, ఆ భాష తెలిసిన సిస్టర్‌నో ఆశా కార్యకర్తనో పిలిచి చెప్పించమనండి. ఫోన్‌లోనైనా మీరే మాట్లాడి పెద్దాయనకు ఆయన భాషలో చెప్పొచ్చు.

ఇంకో డాక్టర్ అభిప్రాయం తీసుకోవడం కూడా పేషెంట్ హక్కే. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన 17 అంశాల రోగి హక్కుల పత్రంలో ఇది ఉంది. ఆస్పత్రి దానికి అడ్డు చెప్పకూడదు, కాగితాలు ఇవ్వాలి. ఆ పత్రాన్ని అమలు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలకు లేఖ రాసింది. ఇది చట్టం కాదు, డాక్టర్‌ను బెదిరించడానికి పనికిరాదు. సూపరింటెండెంట్‌కు రాసే కాగితంలో ప్రస్తావించడానికి బాగా పనికొస్తుంది.

రెఫర్ వేరు, లామా వేరు

ఈ మూడు జిల్లాల్లో పేషెంట్‌ను వదిలించుకునే మాట ఒకటుంది. ‘‘వరంగల్ తీస్కపోండ్రి.’’ నిజంగా అవసరమైనప్పుడు ఎంజీఎంకు పంపడం సరైన వైద్యమే. ఇక్కడ లేని స్పెషలిస్టు, లేని ఐసీయూ అక్కడ ఉంటాయి. సమస్యల్లా పంపే పద్ధతిలోనే.

రెఫర్ చేస్తున్నది డాక్టర్ అయితే రెఫరల్ స్లిప్ ఆయనే రాయాలి. ఏ జబ్బని అనుమానం, ఇప్పటిదాకా ఏ మందులు ఎక్కించారు, బయలుదేరేటప్పటికి బీపీ, ఆక్సిజన్ ఎంత, ఎందుకు పంపుతున్నారు అన్నవి అందులో ఉండాలి. అది లేకుండా వెళ్తే ఎంజీఎం క్యాజువాలిటీలో అన్నీ మొదటి నుంచే. వాహనం కూడా ఆస్పత్రి ద్వారానే అడగండి. ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి మార్చడానికి 108 వస్తుంది, గర్భిణులకు, బాలింతలకు 102 వాహనాలు ఉన్నాయి. భూపాలపల్లి నుంచి వరంగల్ 60 కిలోమీటర్లకు పైనే. ఆక్సిజన్ లేకుండా ఆటోలోనో కారులోనో ఆ దూరం తీసుకెళ్లడం ఆయాసంతో ఉన్న పేషెంట్‌కు ప్రమాదం.

ఇక లామా. వైద్యుల సలహాకు విరుద్ధంగా మా ఇష్టంతో వెళ్తున్నాం అని రాసిచ్చే కాగితాన్ని ఆస్పత్రుల్లో అలా పిలుస్తారు. కోపంలో ‘‘మేం తీస్కపోతం’’ అనగానే ఆ కాగితం చేతికొస్తుంది. దాని మీద సంతకం పెడితే వెళ్లాలన్న నిర్ణయం మీదే అవుతుంది, దారిలో ఏం జరిగినా బాధ్యత మీ మీదకే వస్తుంది. తర్వాత ఫిర్యాదు చేసినప్పుడు ఆస్పత్రి ముందు చూపించేది ఆ కాగితమే. డాక్టర్ పంపిస్తుంటే రెఫరల్ స్లిప్ అడగండి, లామా మీద సంతకం పెట్టకండి. నిజంగానే మీరే తీసుకెళ్తుంటే, ఎందుకు తీసుకెళ్తున్నారో మీ చేతిరాతతో అందులో రాయండి. ‘‘నిన్నటి నుంచి పెద్ద డాక్టర్ చూడలేదు కాబట్టి’’ అన్న ఒక్క వాక్యం ఉన్నా కాగితం అర్థం మారిపోతుంది.

కేసు షీట్ నకలు, ఫిర్యాదు

వైద్యుల ప్రవర్తనా నియమావళి 2002 నాటిది. 2023 ఆగస్టులో కొత్త నియమాలు ప్రకటించి, అదే నెలలో పక్కన పెట్టడంతో ఇప్పటికీ పాతవే నడుస్తున్నాయి. వాటి ప్రకారం పేషెంట్ గానీ, పేషెంట్ తరఫు అధికారం ఉన్న మనిషి గానీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలి. ఒకసారి వైద్యం మొదలుపెట్టిన పేషెంట్‌ను నిర్లక్ష్యం చేయకూడదని, ముందుగా చెప్పకుండా మధ్యలో వదిలేయకూడదని కూడా అందులోనే ఉంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు. మొత్తం కేసు షీట్ నకలు కావాలని సూపరింటెండెంట్‌కు రాసివ్వండి, మీ కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ప్రభుత్వ ఆస్పత్రి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటలు.

ఫిర్యాదు మొదట సూపరింటెండెంట్‌కే ఇవ్వాలి. పెద్దాస్పత్రి అయితే ప్రతి డీఎంఈకి, కమ్యూనిటీ హెల్త్ సెంటర్ అయితే డీసీహెచ్‌ఎస్‌కు, పీహెచ్‌సీ అయితే డీఎంహెచ్‌ఓకు పంపాలి. అవి కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది. అక్కడ ఇచ్చే దరఖాస్తుకు నంబర్ పడుతుంది. సంబంధిత శాఖ జవాబు చెప్పాల్సి వస్తుంది కాబట్టి మా దృష్టిలో జిల్లా స్థాయిలో అన్నిటికంటే పనికొచ్చే మార్గం ఇదే. ఒక పేజీ చాలు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ లక్షణం చెప్పాం, ఎవరికి చెప్పాం, ఏం చేశారు, ఏం చేయలేదు. ‘అహంకారంతో’, ‘రాక్షసంగా’ లాంటి మాటలు తీసేయండి. సమయాలు మాత్రం ఒక్కటీ తీసేయకండి.

డాక్టర్ వృత్తిపరమైన తప్పు మీద అయితే తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాయాలి. ప్రభుత్వ డాక్టర్ అయినా, ప్రైవేటు డాక్టర్ అయినా రిజిస్ట్రేషన్ అక్కడే. నియమాల ప్రకారం ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, రిజిస్ట్రేషన్ కొంతకాలం ఆపగలదు, తీసేయగలదు. నష్టపరిహారం మాత్రం ఇవ్వలేదు. పరిహారం కావాలంటే ప్రైవేటు ఆస్పత్రి విషయంలో వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్లలోపు వెళ్లాలి. డబ్బు తీసుకుని చేసే వైద్యం ‘సేవ’ కిందకే వస్తుందని 1995లో వీపీ శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రికి అది వర్తించదు. అక్కడ సివిల్ కోర్టు, మానవ హక్కుల కమిషన్, హైకోర్టు మార్గాలు ఉంటాయి. ఇక క్రిమినల్ కేసు అంత తేలిక కాదు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉంటేనే డాక్టర్‌ను నేరస్థుడిగా చూడాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది.

వకీలు ఖర్చు భయం ఉంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. హెల్ప్‌లైన్ 15100. ఆరోగ్యశ్రీ మీద ప్రైవేటు ఆస్పత్రిలో ఉన్నప్పుడు డబ్బు అడిగినా, పట్టించుకోకపోయినా అక్కడే ఉండే ఆరోగ్యమిత్రకు ముందు చెప్పాలి, తర్వాత 104కు ఫోన్ చేయాలి.

చేయకూడనివి

వార్డులో డాక్టర్ కాలర్ పట్టుకున్నా, సిస్టర్‌ను తోసినా, టేబుల్ పగలగొట్టినా ఆ క్షణం నుంచి నిందితులు మీరే. వైద్య సిబ్బందిపై దాడుల నివారణకు ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం తెలంగాణలోనూ ఉంది. 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. కేసు నాన్ బెయిలబుల్, పగిలిన సామానుకు నష్టం కూడా కట్టాలి. పేషెంట్ పక్కన ఉండాల్సిన మనిషి పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాల్సి వస్తుంది.

ఫోన్‌లో వీడియో తీసి గ్రూపుల్లో పెట్టడం కూడా ఆ రాత్రికి ఉపయోగపడదు. పక్క బెడ్ల మీద వేరే వాళ్ల అమ్మలూ నాన్నలూ ఉంటారు, వాళ్లు వీడియోలోకి రావడానికి ఒప్పుకోలేదు. కెమెరా కనిపించగానే డాక్టర్ వైద్యం మీద కాకుండా తనను కాపాడుకోవడం మీద దృష్టి పెడతారు. అదే ఫోన్‌తో ఇంకో పని చేయొచ్చు. ఊపిరి ఎన్నిసార్లు తీసుకుంటున్నారో టైమర్ పెట్టి లెక్కపెట్టి, మూత్రం ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసి, మందు చీటీల ఫోటోలు తీసి పెట్టండి. డాక్టర్ మారినా, షిఫ్టు మారినా, వరంగల్ వెళ్లాల్సి వచ్చినా మీ చెల్లెలు ఆ ఫోన్ తెరిచి చూపిస్తే కొత్తగా వచ్చిన డాక్టర్‌కు రాత్రి పదింటి నుంచి జరిగిందంతా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.